ఆఱవ సూన

గృహస్థుని యింట నైదు వధస్థానములు గలవని మన ధర్మశాస్త్రములు చెప్పినవి. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అను నీ యైదింటికిని పంచసూనలని పేరు. పొయ్యిలోని కట్టెను పట్టియున్న పురుగు మాడును. సన్నికంటిపై చీమ నలుగును. చీపురు వాతను, రోకటి పోటునను, కుండ యడుగునను కంటికి గానరాని ప్రాణులెన్నియో నిత్యము నశించుచుండును. వంట చేయక, యిల్లు చిమ్మక, నీరు త్రాగక మనుష్యుడు బ్రదుకజాలడు గావున, బ్రదుకుటయే హింసతో గూడిన పని యని మనువు అంగీకరించి, ఆ హింస లేదని బుకాయింపక, దానికి ప్రతిగా నైదు యజ్ఞములను విధించినాడు. అధ్యయనము చేసి యొరులకు జెప్పుట బ్రహ్మయజ్ఞము, తర్పణము పితృయజ్ఞము, హోమము దేవయజ్ఞము, ప్రాణులకు బలియన్నము పెట్టుట భూతయజ్ఞము, అతిథిని పూజించుట మనుష్యయజ్ఞము. ఈ విధానమున నన్నిటికంటె గమనింపదగినది దాని నిజాయితీ. నేను నిర్దోషినని గృహస్థు చెప్పుకొనుటకు శాస్త్ర మవకాశ మీయలేదు. నీవు ఋణపడియున్నావు, తీర్చుకొనుమని మాత్రమే చెప్పినది.

మనువు నాటికి లేని యాఱవ సూన యొకటి మన కాలమున వెలసినది. అది జీవశాస్త్ర ప్రయోగశాల. మైనము పోసిన పళ్ళెము, గుండుసూదులు, కత్తెర, క్లోరోఫారము సీసా, ఫార్మలిను నింపిన గాజుజాడీ దాని యుపకరణములు. పొయ్యియొద్ద చీమ మన యుద్దేశము లేకయే చచ్చును; ఇక్కడ కప్ప మన యుద్దేశము ననుసరించియే చచ్చును. ఆ యుద్దేశమో, సామాన్యమైనది కాదు. జీవమనగా నేమో తెలిసికొనవలెనన్న కోరిక. ప్రాణమును గూర్చి తెలిసికొనుటకై ప్రాణమును దీయుట ధర్మమా యన్న ప్రశ్న యిందుండి పుట్టుచున్నది. ఈ ప్రశ్నకు మన కళాశాలలలో సమాధానము దొరకకపోవుట యటుండ, ప్రశ్నయే వినబడక చాలకాలము గడచినది.

శ్రీకాకుళము, విజయనగరము మండలముల పిల్లలు ఈ శాస్త్రమునకు వచ్చు త్రోవ నెఱిగినవారికి దీని కారణము తెలియును. ఇంటర్మీడియెట్టులో బైపీసీ తీసికొన్నవారిలో ననేకుల చూపు వైద్యకళాశాలపై నుండును. అచ్చట సీటు రానివారు బీయెస్సీలో చేరుదురు. 1879లో కళాశాలయై, గురజాడ అప్పారావుగారు తాము చదివి పిదప పాఠములు చెప్పిన విజయనగరపు మహారాజా కళాశాలయు, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమును, 2008లో ఎచ్చెర్లయందు వెలసిన అంబేద్కరు విశ్వవిద్యాలయమును, వాని చుట్టునున్న చిన్న పెద్ద కళాశాలలును ఇట్టివారికి జంతుశాస్త్రమును, వృక్షశాస్త్రమును చెప్పుచున్నవి. వైద్యుడు కాగోరి జంతుశాస్త్రమును చేపట్టిన విద్యార్థికి మొదట నది యొక యోటమిగా దోచును. పరీక్షకు గావలసిన బొమ్మలను రికార్డులో గీసి, స్లైడులను గుర్తుపట్టి, ప్రాక్టికల్సులో మార్కులు తెచ్చుకొనుటయే చదువని యాతడు తలచును. పరిశోధన సాగు విశ్వవిద్యాలయమున గాలు పెట్టిన పిదప వేఱొక సంగతి బోధపడును: అక్కడి యాచార్యులకు గూడ తెలియని విషయములు గలవు; వారి గౌరవ మంతయు నా తెలియమిని చక్కని ప్రశ్నగా దిద్దుటలో నున్నది. వాల్తేరు సముద్రపుటొడ్డున నిసుకరేణువుల సందులలో నివసించు సూక్ష్మజంతువులను ఆచార్య పి. ఎన్. గణపతిగారును వారి శిష్యులును 1960 ప్రాంతమున వెదకి వర్ణించిరి. అంతకు బూర్వ మా యిసుకపై నడచినవా రెందఱో యుందురు. అరికాలిక్రింద నొక లోకమున్నదని వారికి దట్టలేదు.

సెలవులకు ఊరు వచ్చిన పిల్ల రికార్డు పుస్తకము తెఱచి చూపగా, కప్ప కడుపు చీల్చిన బొమ్మను జూచి యింటి ముసలమ్మ “సదువుకోడానికి పానం తియ్యాలేటే గుంటా?” అని యడిగిన దనుకొందము. ఆ ప్రశ్న ధర్మశాస్త్రకారుని ప్రశ్నకంటె నొక వీసమైనను తక్కువది కాదు. దానికి రెండు సిద్ధసమాధానములు లోకమున ప్రచారములో నున్నవి. విజ్ఞానమునకు పాపపుణ్యములు లేవని యొకటి. ప్రాణహింస సర్వథా పాపము గనుక నట్టి చదువే వలదని రెండవది. మొదటిది చెల్లదు. ఏలయన, విజ్ఞానమునకు చేతులు లేవు. కత్తెర పట్టినది మనుష్యుడు, మనుష్యుని ప్రతి కర్మకును ధర్మాధర్మ విచారణ తప్పదు. రెండవదియు చెల్లదు. జీడితోటలో నాకు లూడ్చుచు త్రాచుకాటు తిన్న కూలివానికి సర్కారు దవాఖానాలో నెక్కించు మందు, పాము విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱమునకు బొడిచి, దాని రక్తమునుండి తీసినది. ఆ మందుతో బ్రదికిన కుటుంబము ప్రయోగశాలను నిందించుచు గూర్చుండుట, అన్నము తినుచు పొయ్యిని దూషించుట వంటిది. కావున నీ రెండు సమాధానములకు నడుమ త్రోవ యేదైన నున్నదేమో వెదకవలెను.

ఈ వెదకులాట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. వంశధారాతీరమున శాలిహుండము కొండమీద బౌద్ధ భిక్షువులు విహారములు గట్టుకొని శతాబ్దములు నివసించిరి. విజయనగరమునకు సమీపమున రామతీర్థముకడ గురుభక్తులకొండపై బౌద్ధావశేషములును, చెంతనే గుహలలో జైన తీర్థంకరుల ప్రతిమలును నేటికిని జూడవచ్చును. భిక్షువు వెంట నుండదగిన కొలది వస్తువులలో నీరు వడగట్టు గుడ్డ యొకటి. త్రాగునీటిలోని పురుగును మ్రింగకుండుటకై యా నియమము. వానకాలమున నూళ్ళు దిరుగక యొకచోటనే యుండవలెనన్న కట్టుబాటునకు గల కారణములలో మొలకెత్తు పచ్చికను, క్రిమికీటకములను త్రొక్కి చంపకుండుట యొకటి. జైనులు మఱియు ముందునకు బోయి, మట్టియందును, నీటియందును, నిప్పునందును, గాలియందును ఏకేంద్రియ జీవులు గలవని చెప్పిరి. వారి యూహ యతిశయోక్తి యని నవ్విన కాలమున్నది. ఇప్పుడు బీయెస్సీ మొదటి సంవత్సరపు విద్యార్థి చెఱువునీటి బొట్టొకటి గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినిలో జూచిన నిమిషమున నా నవ్వు మాయమగును. చెప్పాకారముగల పారమీసియములు రోమములతో నీదుచు, ఒకదాని నొకటి యొరయుచు, బాక్టీరియాలను మ్రింగుచు ఆ బొట్టునిండ సంచరించుచుండును. ఏ గుడ్డయు వానిని వడగట్టజాలదు. అహింసకు గీసిన గీత యెంత వెనుకకు జరిపినను, దాని కావల నింకను ప్రాణులే యున్నవని సూక్ష్మదర్శిని తేల్చినది.

గీత నిలువదని తెలిసినపుడు ధర్మము నిలుచునా? ఈ చిక్కును భారతము సూక్ష్మదర్శిని లేకుండగనే యెఱిగియుండెను. అరణ్యపర్వమున ధర్మవ్యాధుని కథ దాని కొఱకే యున్నది. తపస్సు చేసిన కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మ మెఱుగుటకై మిథిలానగరమునకు బోగా, అచ్చట మాంసము విక్రయించు వ్యాధుడు గురువైనాడు. నాగలి చాలులో నెన్ని ప్రాణులు చచ్చునో, వడ్లగింజయందు గూడ జీవమెట్లున్నదో, నడచుటకును గూర్చుండుటకును సయితము ఎన్నిటి యూపిరి బలియగునో చెప్పి, లోకమున సంపూర్ణముగా నహింసకు డెవ్వడును లేడని యాతడు వివరించినాడు. అయిన నంతటితో నాగి, కావున నేదిచేసినను చెల్లునని యనలేదు. తాను స్వయముగా జంతువును జంపననియు, సత్యము తప్పననియు, తలిదండ్రులను సేవింతుననియు, పరులను నిందింపననియు జెప్పినాడు. తన వృత్తియొక్క దోషమును దాచక, దానిలోపల తనకు సాధ్యమైన మేర హింసను తగ్గించుకొని, తక్కినదానికి బాధ్యత వహించినవాడు వ్యాధుడు. ప్రయోగశాలకు గావలసిన ధర్మశాస్త్ర మీ కథలో నున్నది.

దీనినిబట్టి మన కళాశాలల పాత యాచారమును పరీక్షింతము. ఇటీవలివఱకును జంతుశాస్త్ర విద్యార్థి ప్రతివాడును కప్పను, బొద్దింకను, నత్తను, స్కోలియోడా నను చిన్న సొరచేపను కోయవలసియుండెను. కప్పయొక్క రక్తనాళములును, సొరచేపయొక్క కపాలనాడులును పుస్తకములలో చక్కగా వర్ణింపబడి, బొమ్మలు గీయబడి, గోడపటములుగా వ్రేలాడుచునే యుండెను. అట్లయ్యు ప్రతి సంవత్సరమును, ప్రతి కళాశాలయందును, ప్రతి బల్లమీదను ఆ కప్ప మరల చచ్చెను. బయటి పరీక్షాధికారి వచ్చినపుడు నాడి తెగకుండ చూపించిన మార్కులు. తెగిన, మఱియొక కప్ప. ఇందు క్రొత్త ప్రశ్న యేదియు లేదు. ప్రపంచమున కెఱుకైన సమాధానమును మరల వల్లెవేయుటకై యొక ప్రాణము పోయినది. హార్వే 1628లో రక్తప్రసరణమును నిరూపించుటకు ఎన్నో జంతువులను గోసెను. ఆ హింసకు లోకము బదులుగా బొందినది గొప్పది. అతని తరువాత మూడువందల యేండ్లకు పైబడి, అతడు చూచినదానినే చూచుటకు కోయబడిన ప్రాణులకు లోకము బదులుగా బొందిన దేమి?

చూచి నేర్వవలెను గదా యని వాదింతురు. ఔను, చూడవలెను. సుశ్రుతు డంతకంటె గట్టిగా జెప్పినాడు: శాస్త్రమున జదివినదియు, కంటితో జూచినదియు రెండును గలిసిననే జ్ఞానము వృద్ధి యగునని. అయితే యాతడు చూచుటకు జెప్పిన విధ మెట్టిది? మృతశరీరమును గడ్డితో చుట్టి, బోనులో నుంచి, పాఱునీట నేడు రాత్రులు నాననిచ్చి, పిదప వట్టివేళ్ళు మొదలగువానితో గట్టిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు, చర్మము మొదలు లోపలి యవయవములవఱకు పొరపొరగా గమనించుట. మఱి చేతికి కోత యలవడుట కేమి చెప్పినాడు? గుమ్మడికాయ, ఆనపకాయ, దోసకాయ. ప్రాణముగల శరీరముపై శస్త్రము పెట్టకమునుపు శిష్యుని చేయి కాయలమీద తీరవలెను. మన దేశమున రుక్మిణీదేవి అరుండేలుగారు రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రస్తావము కారణముగా 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము కూడ నిదే చెప్పినది: పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలునెడ కళాశాలలలో జంతువులపై ప్రయోగములు మానవలెననియు, కేవలము చేతినైపుణ్యము కొఱకు వానిని చేయరాదనియు. చట్టము వచ్చిన యర్ధశతాబ్దికి గాని, విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2011లో కోతలను తగ్గింపుడనియు, 2014లో మానుడనియు కళాశాలలకు చెప్పలేదు. వినదలచినవారికి సుశ్రుతుని మాట రెండువేల యేండ్లుగా నున్నది.

ఇప్పుడు కప్ప బల్లమీదినుండి లేచి కంప్యూటరు తెరపైకి బోయినది. మన విచారమున కింతటితో ముగింపు దొరకినదని తలంపరాదు. చిక్కైన భాగ మిక్కడనే మొదలగుచున్నది. తెరపై కప్పను జూచు విద్యార్థి చేతికి నెత్తురంటలేదు. అయిన నా బొమ్మ యెచ్చటనుండి వచ్చినది? ఎవరో యెన్నడో కోసిన కప్పలనుండియే. చేతులు శుభ్రమైనంత మాత్రమున చదువు శుభ్రము కాదు. మన పెద్దలు ప్రతి మనుష్యుడును ఋషిఋణముతో జనించునని చెప్పిరి. అనగా తాను గనిపెట్టని విద్యను తా ననుభవించుచున్నా డని. జీవశాస్త్రమున నా ఋణము ఋషులకు మాత్రమే కాదు, ప్రాణులకు గూడ జెల్లవలసియున్నది. కావున నాకేమియు సంబంధము లేదని తెరముందు గూర్చున్నవాడు, కత్తెర పట్టినవానికంటె నిర్దోషి గాకపోగా, తన యప్పు నెఱుగనివాడగుట యను మఱియొక దోషమును దెచ్చుకొన్నవాడు.

ఈ ఋణమెంత విచిత్రమైనదో తెలియుటకు శ్రీకూర్మము చాలును. శ్రీకాకుళపట్టణమునకు జేరువనే విష్ణువు కూర్మరూపమున వెలసిన యా యాలయమునకు, 13వ శతాబ్దమున నరహరితీర్థులవంటి మహనీయుల సేవ లభించినది. ఆలయ ప్రాంగణమున నక్షత్రతాబేళ్ళను పోషించుచు, భక్తులు వానిని స్వామిరూపముగా నమస్కరింతురు. ఆ క్షేత్రమునకు సముద్రము దూరములో లేదు. శీతకాలము చివర నుండి వేసవి మొదలువఱకు ఈ తీరమున ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ నొడ్డునకు వచ్చి, యిసుకలో గొయ్యి త్రవ్వి, నూఱు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, పూడ్చి వెడలిపోవును. మరపడవల వలలలో జిక్కి యూపిరాడక చచ్చిన తాబేళ్ళు తీరమున బడియుండుటయు జూతుము. నక్కలును, కుక్కలును గ్రుడ్లను త్రవ్వి తినకుండుటకై అటవీశాఖవారును, స్వచ్ఛంద సేవకులును, వారితో గూడిన విద్యార్థులును గ్రుడ్లను దెచ్చి కంచె వేసిన యిసుకలో మరల పాతుదురు. ఏబది దినములు గడచునప్పటికి పిల్లలు పైకి వచ్చి సముద్రమునకు బరుగెత్తును. ఇంతకంటె పుణ్యకార్య మేముండును?

అయితే యీ తాబేటి పిల్ల యాడుదియో మగదియో దానిని నిర్ణయించునది తలిదండ్రుల బీజము కాదు, ఇసుకయొక్క వేడిమి. సుమారు ముప్పది డిగ్రీలకు దిగువ మగపిల్లలు, ఎగువ నాడుపిల్లలు మిక్కుటముగా బుట్టుదురు. ఈ సంగతి యెఱుగక, ఎండ మండు చోట నీడ లేక గ్రుడ్లను బాతిన దయామయుడు, సంవత్సరముల తరబడి యాడుపిల్లలనే సముద్రమునకు విడిచి, తాను గాపాడదలచిన జాతికే కీడు చేసినవాడగును. దయ గలవానికి విద్య యెందుకో యిందువలన దెలియును. కాని యా విద్య యెట్లు లభించినది? అప్పుడే పుట్టిన తాబేటిపిల్లను పైకి జూచి యాడో మగో చెప్ప వీలులేదు. 1980 ప్రాంతమున దీనిని నిరూపించిన పరిశోధకులు కొన్ని పిల్లలను జంపి, లోపలి బీజకోశములను పలుచని పొరలుగా గోసి, సూక్ష్మదర్శినిలో జూచిరి. నేడు మన తీరమున నీడపందిరి క్రింద నిసుకలో థర్మామీటరు గ్రుచ్చి నిలుచున్న విద్యార్థి చేయు రక్షణ, ఆనాడు వేఱొక దేశమున జరిగిన యా వధమీద నిలిచియున్నది. శ్రీకూర్మనాథుని భక్తుడు దీనిని విని చెవులు మూసికొనవలెనా? మూసికొనరాదని నా తలంపు. చచ్చిన యా పిల్లల ఋణము నీడపందిరి వేసినప్పుడెల్ల కొంత తీరుచున్నది. ఆ విషయము నెఱిగియు నెండలో గ్రుడ్లను బాతినప్పు డది పెరుగుచున్నది.

ఋణము ప్రాణులకే పరిమితము కాదు. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల నుద్దానమందురు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కన్నుల పండువైన యా సీమలో మూత్రపిండముల వ్యాధి యేండ్లుగా సంసారముల నార్పివేయుచున్నది; చక్కెరవ్యాధియు, రక్తపు పోటును లేని కష్టజీవులకు గూడ నది వచ్చుచుండుటయు, దాని మూలము నేటికిని నిర్వివాదముగా తేలకుండుటయు నందఱెఱిగినదే. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల యాసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. ఇక్కడి ప్రశ్న కప్ప నాడుల ప్రశ్నవంటిది కాదు. సమాధాన మెవ్వరికిని దెలియదు, తెలిసిన బ్రదుకువారు వేలమంది. ఈ వ్యాధి మూలమును వెదకుటకు ఎలుకలపై ప్రయోగము తప్పనిసరియైనచో, దానిని నిషేధించు నహింస యుద్దానపు రైతు మేని మీద హింసగా మాఱును. అయినను ఉద్దానమునకు బోయిన విద్యార్థికి మఱియొక మాట వినబడును: మా రక్తము తీసికొని పోయినవారున్నారు గాని, అందేమి కనబడినదో తిరిగివచ్చి మాకు జెప్పినవారు లేరని. ఆ మాట యథార్థమైనంత మేర, చేతి నరమునుండి తీసిన రక్తము కప్పనుండి తీసిన ప్రాణమువలెనే చెల్లింపని యప్పు. మనువు బ్రహ్మయజ్ఞమును నిర్వచించుచు నొరులకు బోధించుటను ప్రధానముగా జెప్పుట యూరక కాదు. తెలిసికొన్నది పత్రికలో నింగ్లీషున ప్రకటించి, తెలుపవలసినవారికి తెలుగున జెప్పని పరిశోధన సగము చేసిన యజ్ఞము.

ఈ ఋణమును దన యొడలితో దీర్చినవా డొకడు మన యాంధ్రదేశపు చరిత్రలో నున్నాడు. జె. బి. ఎస్. హాల్డేను ఇంగ్లండున పుట్టి, జన్యుశాస్త్రమునకు గణితపు పునాది వేసినవారిలో నొకడై, నాస్తికుడుగా, మార్క్సువాదిగా బేరొంది, 1957లో మన దేశమునకు వచ్చి కలకత్తాలో స్థిరపడెను. జంతువుపై చేయు ప్రయోగమును సాధ్యమైనంత వఱకు తనపై జేసికొనుట యాతని యలవాటు. విషవాయువులను బీల్చెను, అధికపీడనము గల గదులలో గూర్చుండెను, ప్రాణము మీదికి దెచ్చుకొనెను. భారతదేశపు బీద కళాశాలలకు గొప్ప యంత్రములు లేకపోయినను, కన్నులు, కాగితము, ఓర్పు నుండిన చాలుననియు, పక్షుల నేయక శాస్త్రీయముగా పరిశీలింపవచ్చుననియు వ్యాసములు వ్రాసెను. పిఠాపురమువాడైన యాతని శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావుగారు లాంటానా పొదలచెంత గూర్చుండి, ఏ జాతి సీతాకోకచిలుక యే రంగు పువ్వుపై వ్రాలునో లెక్క వ్రాసి, యా ఫలితమును 1960లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించెను. అందుల కొక రెక్కయు తెగలేదు. హాల్డేను 1962లో భువనేశ్వరమునకు మారి, 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూసెను. అతని కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు జేర్చిరి. జీవితమంతయు శరీరములను పరిశీలించినవాడు కడపట తన శరీరమును విద్యార్థుల బల్లమీద బెట్టెను. పావురమునకు సరితూగు మాంసమును దన తొడనుండి కోసి త్రాసులో వేసిన శిబిని మనము పురాణమున జదివితిమి. దేవుని నమ్మనివాడొక డా త్రాసును నమ్మెను.

చంపక చూచుట యను నా మార్గమునకు మన మండలమున చోటు లేకపోలేదు. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమున, వానలు వెనుకబట్టు కాలమున గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చి యూరిచెట్లపై గూళ్ళు గట్టి, పిల్లలను బెంచి, వేసవిలో వెడలిపోవును. వాని రాకను శుభముగా దలచి గ్రామస్థులు వానిని గాపాడుచుందురు. వానిని సైబీరియా పక్షులని పిలుచు వాడుక గలదు. కాని, ఏ జీవి యెచ్చట గ్రుడ్లుపెట్టి పొదుగునో యదియే దాని పుట్టినూరు. ఈ గూడబాతు దక్షిణాసియాలోను, ఆగ్నేయాసియాలోను దప్ప మఱెక్కడను పొదుగదు. ఊరి భక్తి వానిని బ్రదికించినది. విద్య వాని నివాసస్థలమును నిజముగా దెలిపినది. గూళ్ళను లెక్కించి, చేపల లభ్యతను గనిపెట్టి, చెట్టు పడిపోయిన సంవత్సరమున వాని సంఖ్య యెట్లు మాఱెనో వ్రాసి యుంచుటకు బీయెస్సీ విద్యార్థికి నొక దుర్భిణియు, నొక నోటు పుస్తకమును జాలును. ఇట్టి ప్రశ్నలు మిగిలియుండగా, కప్పను గోసి నేర్చుకొన్న సంగతులనే మరల నేర్పుట పాఠ్యక్రమమును దిద్దువారి సోమరితనము.

ఇంతకును విద్యార్థి చేయవలసిన దేమి? తాను తీసికొన్న ప్రతి ప్రాణమునకును, ప్రతి రక్తపుబొట్టునకును లెక్క చెప్పగలుగుట. నా ప్రశ్న క్రొత్తదియేనా? వేఱొక విధమున దానికి బదులు దొరకదా? దొరకిన బదులు తిరిగి యెవరికి జేరినది? రికార్డు పుస్తకమున బొమ్మలకు ముందొక పుటను ఈ లెక్కకు గేటాయింపవలెనని నా మనవి. నైతిక సంఘముల యనుమతి పత్రములు ఇదివఱకే యున్నవి గదా, ఈ పుట గూడ నొక సంతకముతో ముగియు పత్రమగును గాదా యని కొందఱు శంకింతురు. ఆ శంక న్యాయమైనది. పైవారికి జెప్పు లెక్క యెప్పుడును పత్రముగా మాఱును. తీసికొనబడినవారికి జెప్పు లెక్క మాఱదు, ఎందుకనగా వారు మార్కులు వేయరు, తప్పు క్షమింపరు, అడిగి మఱచిపోరు. తాబేటి పిల్లకు జెప్పు లెక్క యిసుకలో నీడగా నుండును. ఉద్దానపు కూలివానికి జెప్పు లెక్క వాని భాషలో నొక మాటగా నుండును. ఆ రెండింటిని పై యధికారి చూడవలసిన పని లేదు.

ఈశ్వరుడున్నాడా, ఆత్మ శరీరమునకు వేఱా, కప్పకును మనకును గల ప్రాణమొకటియేనా యన్న ప్రశ్నలను తేల్చుకొన్న పిదప గాని యిట్టి ధర్మము నాచరింప వీలులేదని కొందఱు తలంతురు. తేలువఱకు కాలుచేతులు కట్టుకొని కూర్చుండుటకు జీవ మొప్పదు. ధర్మవ్యాధుడు దైవమును నమ్మినవాడు, హాల్డేను నమ్మనివాడు. ఇద్దఱును తమ హింసను దాచలేదు, ఇద్దఱును దానికి తగ్గ వెల చెల్లించిరి. వేదాంతి కప్పయందు బ్రహ్మమున్నదని చెప్పి దానిని వ్యర్థముగా కోసినచో నాతని వేదాంత మేపాటిది? కప్ప రసాయనముల కూడలి మాత్రమేయని చెప్పువాడు, అవసరములేనిదే దాని మీద కత్తెర పెట్టనన్నచో నాతనికి తక్కువేమి? నమ్మినవారిని నమ్మనివారినుండి వేఱుచేయు సిద్ధాంతములు తరగతిగదిలో చర్చింపదగినవే. ప్రయోగశాల తలుపు దాటిన పిదప మాత్రము, తీసికొన్నదానికి లెక్క చెప్పువారును, చెప్పనివారును అను రెండు తెగలే మిగులును. జీవశాస్త్రము చదువు మన పిల్లలను మొదటి తెగలో జేర్చుట విశ్వవిద్యాలయము చేయదగిన పని. అది చేయనంతకాలము పట్టా పుచ్చుకొన్నవారు పండితులు కావచ్చును గాని, అధ్యయనము చేసినవా రనిపించుకొనజాలరు.